బ్రేకు బిగించిందెవరు?

"రాడ్డు! రాడ్డు వెళ్ళిపోతోంది టీచరమ్మా!"

ప్లంబరు కేక విని ఆమె తల తిప్పేసరికి ఇసుకలో పాతిన గొట్టం పక్కకు ఒరిగిపోయి ఉంది. అందులో నిలబెట్టిన పన్నెండడుగుల గాలపు రాడ్డు నేలమీదికి వాలి, అవతల ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు, తడి ఇసుకమీద గీత గీసుకుంటూ సముద్రంవైపు పరుగెడుతోంది.

మధ్యలో యాభై అడుగుల దూరం. ఆమె చేతిలో ఎర పురుగుల బకెట్టు. దాన్ని ఎటు విసిరేసిందో ఆమెకే తెలియదు. మోకాళ్ళదాకా ఉన్న గమ్ బూట్లు డబడబలాడుతుంటే పరుగెత్తింది. రాడ్డు పిడి తన వేళ్ళకు తగిలింది కూడా. చల్లగా, తడిగా, చేపతోకలా జారిపోయింది. తెల్లటి అల ఒకటి వచ్చి దాన్ని మింగేసింది.

"నేను పట్టుకుంటా!" అంటూ పళ్ళ డాక్టరమ్మ ఆమె పక్కనుంచి నీళ్ళలోకి దూసుకుపోయింది.

చలికాలపు సముద్రం. వచ్చే అలకంటే వెనక్కిపోయే నీటికి లాగుడెక్కువ. డాక్టరమ్మకు అప్పటికే మోకాళ్ళు దాటింది. రాడ్డు కొస ఇంకా పైకి కనిపిస్తూనే ఉంది, నాలుగడుగుల దూరంలో. దూకితే అందుతుంది. టీచరమ్మ దూకింది, కానీ రాడ్డుమీదికి కాదు. డాక్టరమ్మ కోటు కాలరు పట్టుకుని, రెండు చేతులా వెనక్కి లాగింది. ఇద్దరూ కలిసి ఇసుకలో చతికిలబడ్డారు.

"అయ్యో, అందేసేదండీ! ఇంకొక్క అడుగు!" అంది డాక్టరమ్మ, బూట్లలోంచి నీళ్ళు వంపుకుంటూ.

"పొద్దున మొదటి మాట ఏం చెప్పాను?"

"మోకాళ్ళు దాటి ఎవరూ దిగొద్దని."

"దేనికోసమైనా సరే అన్నానా, లేదా?"

"అన్నారు," అని డాక్టరమ్మ తలొంచుకుంది. తన కుర్చీలో నోరు తెరిచిన వాళ్ళందర్నీ గదమాయించే మనిషి, బడిపిల్లలా అయిపోయింది.

ఆమె లేచి నిలబడింది. రాడ్డు కొస ఒకసారి పైకి లేచి, మళ్ళీ మునిగింది. దాంతోపాటే ఆమె గుండె కూడా.

ఎందుకంటే ఆ రాడ్డు ఆమెది కాదు, మావయ్యది.

వారంలో ఆరు రోజులు ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుని, తన కాలికింద ఉండే రెండో బ్రేకు తొక్కుతూ బతుకుతుంది. ఆదివారం మాత్రం గాలం. అది నేర్పింది మావయ్య. లాంచీ నడిపి రిటైరైన ఆయన, పదిహేనేళ్ళుగా ప్రతి చలికాలం ఈ బీచిలో కొత్తవాళ్ళకు గాలం క్లాసు పెడతాడు. ఎండాకాలం స్నానాలకొచ్చేవాళ్ళ కాళ్ళమధ్య గాలం వెయ్యలేం. చలికాలంలో బీచి ఖాళీ, పైగా పెద్ద చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. అందుకని క్లాసు చలికాలంలోనే.

ఈ ఏడు వర్షాకాలంలో ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. చన్నీళ్ళలో దిగితే మళ్ళీ నా దగ్గరికి రావద్దని గుండె డాక్టరు మొహంమీదే చెప్పేశాడు. అయినా ఆయన వింటేనా? క్లాసు ఆగిపోతుందని ఒకటే గొడవ. ఆఖరికి కోడలే ముందుకొచ్చింది. "నేను నడుపుతాను మావయ్యా."

ఆయన రెండు రోజులు ఆలోచించి, గోడమీది రాడ్డు దించి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ముప్ఫయ్యేళ్ళుగా నాతో తిరిగింది. దీన్నీ, వచ్చినవాళ్ళనీ క్షేమంగా ఇంటికి చేర్చు. అప్పుడు క్లాసు నీది. ఏ ఒక్కటి తేడా వచ్చినా వచ్చే ఆదివారం నుంచి నేనే దిగుతాను. డాక్టరు కాదు కదా, వాళ్ళ నాన్న చెప్పినా వినను."

మొదటి క్లాసు మొదలై రెండు గంటలు కాలేదు. రాడ్డు సముద్రంలో ఉంది.

"అదిగో!" అని అరిచింది బేకరీ వదిన.

ఈ వదినామరదళ్ళు వీధి చివర బేకరీ నడుపుతారు. పొద్దున నాలుగింటికి పిండి కలపడం దగ్గర్నుంచి ప్రతిదానికీ పోటీయే. గాలం క్లాసుకు కూడా ఒకరు చేరారని ఇంకొకరు చేరారు.

వదిన చూపించినచోట రాడ్డు కొస మళ్ళీ తేలింది. ఈసారి లోపలికి కాదు, ఒడ్డుకు సమాంతరంగా, ఎడమవైపు నెమ్మదిగా కదులుతోంది.

ఆమె బుర్ర ఒక్కసారి పనిచెయ్యడం మొదలుపెట్టింది. "కాలవలో ఉంది!"

పొద్దున తనే చూపించింది వాళ్ళకు. తెల్లగా విరిగే అలలు రెండు వరసలు. ఆ రెంటిమధ్య నల్లగా, నున్నగా కనిపించే నీటిచార. అడుగున ఇసుక కోసుకుపోయి కాలవలా ఉంటుంది. చేపలు తిరిగే దారి అదే. గాలం అక్కడే వెయ్యాలి. ఇప్పుడు చేప ఆ దారి వదలకుండా రాడ్డును ఈడ్చుకుపోతోంది. బరువు లాగుతోంది కాబట్టి వేగంగా పోలేకపోతోంది.

"అందరూ మీమీ రాడ్లు తీసుకోండి," అంది. "హుక్కులకు ఎర వద్దు. సీసం గుండు చివర ఉండనీయండి. పది పది అడుగుల దూరంలో నిలబడండి. ఆ రాడ్డుకి అవతలగా విసిరి, నెమ్మదిగా చుట్టుకుంటూ రండి. ఎవరి హుక్కయినా దాని దారానికి తగులుకుంటే చాలు."

"ఇప్పటిదాకా మేం విసిరినవి ఒక్కటీ నీళ్ళలో పడలేదు టీచరమ్మా," అన్నాడు ప్లంబరు వినయంగా.

"అందుకే ఇప్పుడు పడాలి. వెనక ఎవరున్నారో చూసుకోండి. భుజం దాటాక వదలండి, ముందే కాదు."

ముందు తనే విసిరింది. ఎదురుగాలికి సీసం పక్కకు కొట్టుకుపోయింది. మళ్ళీ విసిరింది. దగ్గర పడింది కానీ తగల్లేదు. డాక్టరమ్మ విసిరితే సీసం ముందుకు, హుక్కు వెనక్కి అన్నట్టయి, ప్లంబరు ఉన్నిటోపీ లేచిపోయింది.

"పన్ను పీకమంటే టోపీ పీకారేంటి డాక్టరమ్మా?"

"కదలకండి! కొద్దిలో చెవి తప్పింది!"

వదిన ఒళ్ళంతా ఊపి విసిరింది. సీసం రాకెట్టులా లేచి, పది అడుగుల అవతల నిటారుగా కిందపడింది.

"అది గాలమా వదినా, తారాజువ్వా?" అంది మరదలు.

"మాటలు మానేసి నువ్వు వెయ్యి చూద్దాం."

మరదలు వేసింది. పిండిముద్ద బల్లమీద కొట్టినట్టు, హడావుడి లేకుండా ఒకే ఊపు. సీసం గాలిలో సన్నగా కూసుకుంటూ పోయి, రాడ్డు కొసకి రెండు గజాల అవతల చప్పుడు చెయ్యకుండా పడింది. వదిన నోరు తెరిచింది.

"చుట్టు! తొందరపడకు. ఇంకొంచెం... ఇంకొంచెం..."

మరదలి రాడ్డు చటుక్కున వంగింది.

"తగిలింది! తగిలిందండీ! ఏం చెయ్యను?"

"లాగొద్దు. లాగితే తెగుతుంది. రాడ్డు పైకెత్తి పట్టుకుని వెనక్కి నడువు. అల వచ్చినప్పుడు నడువు, అల పోయేటప్పుడు ఆగు."

మరదలు వెనక్కి నడిచింది. వదిన ఆమె నడుంపట్టుకుని, "ఇప్పుడు నడువు, ఇప్పుడు ఆగు," అంటూ తను కూడా నడిచింది. మూడో అలకు నల్లటి పిడి పైకి తేలింది. నాలుగో అల దాన్ని ఇసుకమీదికి తోసింది. టీచరమ్మ మోకాళ్ళదాకా దిగి, రెండు చేతులా ఒడిసిపట్టుకుంది.

రాడ్డు చేతికొచ్చిందో లేదో అవతలి నుంచి చేప గుంజింది. భుజాలు ఊడొచ్చినట్టయింది. దారం చుట్టి ఉండే రీలు ఒక్క అంగుళం కూడా వదల్లేదు.

రీలు బ్రేకు బిగిసిపోయి ఉంది!

గబగబా బ్రేకు గుండీ తిప్పి వదులు చేసింది. కిర్రుమంటూ రీలు పాడింది, దారం పోయింది. పోనిచ్చింది. ఆగాక చుట్టింది. మళ్ళీ పోనిచ్చింది. పావుగంట ఆ సాము సాగాక, ఒక అల మీద ఎక్కించి చేపను ఒడ్డుకు జార్చింది. చేయి పొడవుంది. చలి ఎండలో వెండిపళ్ళెంలా మెరుస్తోంది.

నలుగురూ చిన్నపిల్లల్లా గంతులేశారు. వదినామరదళ్ళు ఒకర్నొకరు కావలించుకుని, తమ పోటీ గుర్తొచ్చి చటుక్కున వదిలేశారు.

ఆమె ఒక్కతే గంతెయ్యలేదు. రీలు కేసి చూస్తూ నిలబడింది.

రాడ్డు దొరికింది. కానీ అసలు ఎందుకు పోయింది? గాలం విసిరేటప్పుడు బ్రేకు బిగించాలి, లేకపోతే దారం జారి వేలు కోస్తుంది. విసిరాక గొట్టంలో నిలబెట్టేముందు మళ్ళీ వదులు చెయ్యాలి. అప్పుడు చేప పడితే దారం పోతుంది, రాడ్డు ఉంటుంది. పొద్దున నలుగురి ముందు మూడుసార్లు చెప్పింది ఇది. తనే చేసి చూపించింది. మొదటిసారి వదులు చేసింది. రెండోసారి చేసింది. మరి పురుగులు తవ్వడానికి వెళ్ళేముందు, ఆ మూడోసారి?

గుర్తు లేదు.

తనే మరిచిపోయి ఉంటే, రాడ్డు ఇంటికి చేరినా లాభం లేదు. మావయ్యకు అబద్ధం చెప్పడం ఆమెవల్ల కాదు. చెప్పినా ఆయన కనిపెట్టేస్తాడు. బ్రేకు వదలడం మరిచిపోయే మనిషికి ఆయన క్లాసు ఇవ్వడు. తనైనా ఇవ్వదు. వచ్చే ఆదివారం ఆ గుండె పెట్టుకుని ఆయన ఈ నీళ్ళలో నిలబడతాడు.

"ఒక్కమాట అడుగుతాను," అంది అందరివైపూ తిరిగి. "కోప్పడను. మీలో ఎవరైనా ఈ గుండీ ముట్టుకున్నారా?"

ముగ్గురు ఒకేసారి మొదలుపెట్టారు.

"నేనే అయ్యుంటాను," అన్నాడు ప్లంబరు. "వదులుగా ఏది కనబడినా నా చెయ్యి ఊరుకోదు. మొన్న చుట్టాలింట్లో భోజనానికి వెళ్ళి, వాళ్ళ సింకు కింద దూరాను."

"ముట్టుకున్నారా, లేదా?"

"లేదు. జేబులో చేతులు పెట్టుకున్నాను. కానీ ముట్టుకోవాలని గట్టిగా అనుకున్నాను."

"నేను పిడి పట్టుకుని ఫొటో దిగాను," అంది డాక్టరమ్మ దోషిలా. "మోచెయ్యి తగిలుంటుందేమో."

"మోచెయ్యి తగిలితే అన్ని చుట్లు బిగుసుకోదు డాక్టరుగారూ."

"నేను దానిమీద నా స్వెట్టరు ఆరేశాను," అంది మరదలు. "రెండు నిమిషాలే. వదినే చూసి తిట్టింది."

"తిట్టనా మరి? అది దండెమా?"

ఎవరికి వాళ్ళు నేరం నెత్తినేసుకోవడానికి తయారు. ఒక్కరి సాక్ష్యమూ నిలబడదు. పైగా రాడ్డు కదలడానికి ముందు పావుగంటసేపు నలుగురూ తనతోనే ఉన్నారు, నీళ్ళ అంచున వంగి, పురుగులు తవ్వుతూ, ఇటు వీపు పెట్టి. అంటే ఇక మిగిలింది తనే.

ఆమె రాడ్డును ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. "సరే. నేనే మరిచిపోయాను."

"అదేంటి," అంది వదిన. "మరి ఆ పెద్దాయన?"

"ఏ పెద్దాయన?"

"మనం పురుగులు తవ్వుతుంటే నాకు నడుం పట్టేసి ఒకసారి లేచాను. అప్పుడు రాడ్డు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. చెవులమీదికి టోపీ. దారినపోయేవాళ్ళు చూస్తున్నారేమో అనుకున్నా."

"ఇంతసేపూ చెప్పలేదే!"

"మాలో ఎవరు అనడిగారు కదండీ. మాలో ఎవరూ కాదు!"

మరదలు నుదురు కొట్టుకుంది. "అడిగిందానికే జవాబు. ఇంట్లోనూ ఇంతే."

ఆమె లేచి వదిన చెయ్యి పట్టుకుంది. "ఆయన ఏం చేశాడు? ఉన్నదున్నట్టు చేసి చూపించండి."

వదిన బేకరీ పని చేసే మనిషి. చేతికొలతలు మరిచిపోదు. ఒక గొట్టం ముందు నిలబడి, కొంచెం వంగి, తల అడ్డంగా ఊపింది. దారాన్ని వేలితో మీటింది. తర్వాత కుడిచెయ్యి రీలు మీదికి పోనిచ్చి, మణికట్టును ఎడమకు తిప్పింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఇలా. తర్వాత పిల్లాడి వీపు తట్టినట్టు రాడ్డును తట్టి వెళ్ళిపోయాడు."

"ఎడమకేనా? బాగా గుర్తుందా?"

"క్రీము గొట్టం తిప్పినట్టు, ఎడమకే."

ప్లంబరు ముందుకొచ్చాడు. "ఎడమకైతే వదులవ్వాలి కదా? మూతైనా, నట్టైనా అంతే."

"ముందునుంచి తిప్పితే," అంది ఆమె నెమ్మదిగా. "మరి వెనకనుంచి తిప్పితే?"

ప్లంబరు కళ్ళు పెద్దవయ్యాయి. రోజూ వాష్ బేసిన్ల కింద వెల్లకిలా పడుకుని నట్లు తిప్పే మనిషికి విడమరిచి చెప్పనక్కర్లేదు. "తలకిందులవుతుంది! ఎడమ తిప్పితే బిగుస్తుంది!"

"ఈ రీలుకి గుండీ ముక్కుదగ్గర ఉంది, సముద్రంవైపు చూస్తూ. మనం నిలబడేది దాని వెనక." ఆమె గొంతులో ప్రాణం వచ్చింది. "ఇంకో సంగతి. మూడుసార్లు తిరిగిందన్నారు కదా? ముందే బిగిసి ఉంటే ఒక్క చుట్టు కూడా తిరిగేది కాదు. అంటే అది వదులుగా ఉంది. నేను మరిచిపోలేదు!"

"అంటే కావాలని బిగించాడా దుర్మార్గుడు?" అంది డాక్టరమ్మ.

"లేదు. ఇంకా వదులు చేస్తున్నాననుకున్నాడు." ఆమె రీలును వేలితో నిమిరింది. పాత రీలు అరిగిపోతే, పోయిన వారమే తన భర్త ఈ కొత్తది కొని రాడ్డుకు తగిలించాడు. పాతదానికి గుండీ వెనక ఉండేది, మనిషి ముఖంవైపు. ఎడమకు తిప్పితే వదులు. "ఈ తప్పు కొత్తవాళ్ళు చెయ్యలేరు. వాళ్ళు గుండీ ఎక్కడుందో వెతికి, ఆలోచించి తిప్పుతారు. చూడకుండా చెయ్యి దానంతటది తిరగాలంటే, ముప్ఫయ్యేళ్ళు పాత రీలు తిప్పి ఉండాలి."

ఆమె ఫోను తీసి ఇంటికి చేసింది. అత్తయ్య ఎత్తింది.

"అత్తయ్యా, మావయ్య ఏరీ?"

"పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళారమ్మా. ఎప్పుడూ లేంది చదువుమీద ధ్యాస పడింది."

"ఏం వేసుకుని వెళ్ళారు?"

"ఉన్నిటోపీ, మఫ్లరు, గమ్ బూట్లు." ఆ మాట అన్నాక ఆవిడకే అనుమానం వచ్చింది. "అవునూ, లైబ్రరీకి గమ్ బూట్లెందుకే?"

"నేను కనుక్కుంటాను అత్తయ్యా."

ఫోను జేబులో పెట్టుకుని ఆమె తలెత్తి బీచి పైన ఉన్న గట్టువైపు చూసింది. వరసగా ఆరు సిమెంటు బెంచీలు. అయిదు ఖాళీ. ఆరోదానిమీద ఒక మనిషి రెండు చేతులా పేపరు చాపుకుని చదువుతున్నాడు. ఈ గాలికి పేపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది, ముఖానికి అతుక్కుంటోంది, మడతలు పడుతోంది. అయినా ఆయన దించడం లేదు. అంత కష్టపడి చదవాల్సిన వార్త ఏ పేపర్లోనూ ఉండదు.

ఆమె ఒక చేత్తో రాడ్డు పట్టుకుని మెట్లవైపు నడిచింది. వెనకాల ప్లంబరు రెండు చేతులమీదా చేపను మోసుకుంటూ, ఆ వెనక నీళ్ళు కారే బూట్లతో డాక్టరమ్మ, ఆ వెనక ఎవరు ముందు నడవాలా అని తోసుకుంటూ వదినామరదళ్ళు. బెంచీ ముందు అయిదుగురూ వరసగా నిలబడ్డారు.

పేపరు ఇంకొంచెం పైకి లేచింది. గాలికి కాదు.

"రాడ్డు ఇదిగో," అంది ఆమె. "నలుగురూ క్షేమంగా ఉన్నారు, లెక్కపెట్టుకోండి. చేప కూడా ఉంది."

పేపరు వెనకనుంచి సన్నగా ఒక దగ్గు వినిపించింది. ఎవరో తెలియని మనిషి దగ్గులా ఉండాలని గట్టి ప్రయత్నం చేసిన దగ్గు.

"డాక్టరమ్మను నేను కాలరు పట్టి లాగడం చూసే ఉంటారు. అప్పుడు మీరు ఈ బెంచీ మీంచి లేచి నీళ్ళదాకా వచ్చి ఉంటే మాత్రం ఇంటికెళ్ళాక అత్తయ్యకు మీరే చెప్పుకోవాలి."

"లేవలేదు," అంది పేపరు. "లేవబోయాను. నువ్వు లాగేశావు కదా అని కూర్చున్నాను."

"మరి అంతకుముందు?"

ఒక వేలు పేపరు అంచున తెలియకుండానే ఎడమకు తిరిగింది. ప్లంబరు అది చూసి, చేతుల్లో చేప ఉందన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయాడు.

"ఒకటి చెప్పండి టీచరమ్మా," అన్నాడు, నవ్వు ఆపుకోలేక. "బ్రేకు బిగించిందెవరు?"

ఆమె పేపరు పైఅంచు పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఉన్నిటోపీ కింద, మఫ్లరు పైన, దొరికిపోయిన రెండు కళ్ళు కనిపించాయి.

"మా మావయ్య!"